వాగు దాటే బండికి కొత్త పళ్లు

మా అన్న జీపు మా కాలనీలోకి వచ్చిన మధ్యాహ్నం నేను మొదటి షిఫ్టు దిగి అప్పుడే ఇంటికి చేరాను. గడప మీద కూర్చుని బూట్ల తాళ్లు విప్పుతుంటే వీధి మలుపులో సన్నటి ఏడుపు లాంటి చప్పుడు వినిపించింది. బండి నెమ్మదిస్తే ఆ చప్పుడు తగ్గుతోంది, వేగం అందుకుంటే పెరుగుతోంది. ఇంజను చప్పుడు కాదది. వెనక ఇరుసు మధ్యలో ఉబ్బుగా ఉండే భాగంలో, అంటే డిఫరెన్షియల్‌లో, గేరు పళ్లు పాడైతే వచ్చే చప్పుడు. ఓపెన్ కాస్ట్ గని వర్క్‌షాపులో నా పని అదే. బొగ్గు, మట్టి మోసే డంపర్ల ఇరుసులు విప్పడం, బాగుచేసి మళ్లీ బిగించడం. అందుకని బండి కనబడక ముందే దాని జబ్బు తెలిసింది. అది ఎవరి బండో మాత్రం మా క్వార్టర్ ముందు ఆగేదాకా తెలియలేదు.

అన్న దిగాడు. నాకు ఆ క్వార్టర్ ఇచ్చి ఏళ్లు గడిచాయి. తను ఆ గుమ్మం దాకా రావడం అదే మొదటిసారి.

ఎందుకు రాలేదో చెప్పాలంటే మా బాపు సంగతి చెప్పాలి. బాపు భూగర్భ గనిలో పనిచేసేవాడు. చివరి ఏళ్లలో నడుము, ఊపిరి రెండూ మొరాయించాయి. దవాఖానలో పరీక్షలు చేసి ఇక డ్యూటీకి పనికిరాడని తేల్చారు. అలా తేలినవాళ్ల ఇంట్లో ఒకరికి కంపెనీ ఉద్యోగం ఇస్తుంది. దానికి వయసు హద్దు ఉంది. అన్న నాకంటే చాలా పెద్దవాడు, ఆ హద్దు అప్పటికే దాటాడు. నేను దాటలేదు. ఉద్యోగం నాకు వచ్చింది. ఊళ్లో ఉన్న భూమి అన్నకు మిగిలింది. ఎవరూ ఎవరినీ మోసం చేయలేదు. కానీ బాపు తర్వాత ఆ నౌకరి కొడుకుదేనని ఇంట్లో, ఊళ్లో అందరూ అంటుంటే విని పెరిగినవాడు అన్న. నా ఆర్డరు వచ్చిన రోజు అందరి నోళ్లూ తీపి చేద్దామని అవ్వ, అంటే మా అమ్మ, చక్కెర గిన్నె పట్టుకొచ్చింది. బర్లకు నీళ్లు పెట్టాలని చెప్పి అన్న బయటికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత కొట్లాట ఏమీ జరగలేదు. మాటలు తగ్గాయి, అంతే. బాపు పోయినప్పుడు కూడా మేము కట్టెల గురించి, వంటల గురించి మాత్రమే మాట్లాడుకున్నాం.

ఇప్పుడు మంచినీళ్లు ఇస్తే తాగి, చెంబు గోడ మీద పెట్టి, జీపు వెనక చక్రాన్ని చూస్తూ అన్నాడు.

"వెనక సప్పుడు జేస్తంది. మంథనిల మిస్త్రీ ఇప్పాలె అన్నడు. నువ్వు గీ పనే చేస్తవని అవ్వ జెప్పింది."

చెల్లె అనలేదు. నేనూ అన్నా అనకుండానే సరే చూస్తానన్నాను.

మా ఊరు మంథని అవతల, ఒక వాగు దాటాక ఉంటుంది. వాగు మీద వంతెన లేదు. ఎండాకాలం ఆటోలు ఇసుక మీద ఎలాగో దాటుతాయి. వానలు మొదలైతే ట్రాక్టరో, నాలుగు చక్రాలూ గుంజే జీపో ఉండాలి. అన్న పాత జీపు ఒకటి కొని పత్తి బోరెలు, ఎరువు సంచులు, బస్సెక్కాల్సిన మనుషులను అటూ ఇటూ దాటిస్తున్నాడు. ఇసుకలో కూరుకుపోకుండా ఈ మధ్య పెద్ద గుబ్బల టైర్లు వేయించాడు. చూడటానికి బండి ఎత్తుగా, దర్జాగా ఉంది. అసలు తంటా అక్కడే మొదలైంది.

చక్రం పెద్దదైతే ఒక్క చుట్టుకు బండి ఎక్కువ దూరం పోవాలి. ఇంజను బలం మాత్రం పాతదే. అందుకని ఒడ్డు ఎక్కేటప్పుడు మొదటి గేరులో కూడా జీపు గుంజలేక ఆగిపోయేది. అన్న క్లచ్ సగం తొక్కి ఇంజను గట్టిగా రేపి ఎక్కించేవాడు. అలా క్లచ్ ప్లేట్లు మాడిపోయాయి, మార్చాడు, మళ్లీ మాడిపోయాయి. ఈలోగా వాగులో ఒక బండ వెనక డిఫరెన్షియల్ మూతకు తగిలింది. ఆ మూత పలచటి రేకు. లోపలికి సొట్టపడి తిరిగే గేరుకు రాసుకుంది. అన్న దాన్ని ఊడదీసి సుత్తితో కొట్టి, అంచులకు ఏదో ముద్ద పూసి మళ్లీ బిగించాడు.

ఇదంతా ఒకేసారి చెప్పలేదు. నేను గోనెసంచి పరుచుకొని జీపు కిందికి దూరి ఒక్కొక్కటే అడుగుతుంటే పైనుంచి ఒక్కొక్కటే చెప్పాడు.

"ఆయిల్ ఎప్పుడు చూసినవ్?" అన్నాను.

"కార్తున్నన్ని దినాలు పోసిన. ఎండకాలంల కారుడు బందైంది. ఇగ మంచిగైందనుకున్న."

"కారుడు బందైందంటె లోపల ఆయిలే ఒడిసిందన్నట్టు."

కింద నుంచి నాకు అన్న చెప్పులు మాత్రమే కనిపిస్తున్నాయి. అవి కొంచెంసేపు అక్కడే ఉండి, తర్వాత వీధి చివరి దాకా వెళ్లి వచ్చాయి.

సొంత బండిని కంపెనీ వర్క్‌షాపులోకి తీసుకెళ్లకూడదు. గోదావరిఖని రోడ్డు మీద లేతు మిషన్ నడిపే ఒక పెద్దాయన నాకు పరిచయం. చిన్నతనంలో వాళ్ల నాన్నతో గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. నేను బాబాయ్ అంటాను. ఆయన దుకాణం వెనక రేకుల షెడ్డు ఉంది, పైన బరువులు ఎత్తే చైను బ్లాకు ఉంది. జీపును అక్కడ పెట్టుకోవడానికి ఒప్పుకున్నాడు. పని అయ్యాక నేల మీద ఆయిలు మరక ఉండకూడదని మాత్రం చెప్పాడు. బసంత్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే మా ఆయన తన షిఫ్టు మార్చుకొని పిల్లల సంగతి చూసుకుంటానన్నాడు. బావకు తన మూలంగా ఇబ్బంది అవుతోందని అన్న నొచ్చుకున్నాడు కానీ బండి వదిలి ఊరికి పోలేదు. రెండు మూడు రోజులు మా ముందు గదిలోనే పడుకున్నాడు.

మూత విప్పగానే నల్లటి చిక్కటి మడ్డి కొద్దిగా జారింది. వేలితో రుద్దితే అందులో వెండి పొడిలాంటిది మెరిసింది. అది పొడి కాదు, గేరు పళ్ల మీది ఇనుము. మాడిన గేరాయిలు వాసన గంధకం లాగా ఘాటుగా ఉంటుంది, చేతులకు పడితే సబ్బుకు తొందరగా పోదు. పెద్ద పళ్లచక్రాన్ని క్రౌన్ అంటాం, దాన్ని తిప్పే చిన్నదాన్ని పినియన్ అంటాం. క్రౌన్ మీద వరసగా కొన్ని పళ్లు అంచులు విరిగి, ఎలుక కొరికినట్టుగా ఉన్నాయి.

బాగుచేయడం కుదరదు, జత మొత్తం మార్చాల్సిందే. ఎలాగూ మారుస్తున్నప్పుడు పాత లెక్కదే వేయడం దండగని నాకనిపించింది. పాత క్రౌన్‌కు ముప్పై తొమ్మిది పళ్లు, పినియన్‌కు ఎనిమిది. ఇదే ఇరుసుకు నలభై మూడు, ఎనిమిది పళ్ల జత కూడా దొరుకుతుంది. అది వేస్తే చక్రం ఒక చుట్టు తిరగడానికి ఇంజను ఇంకొంచెం ఎక్కువ తిరుగుతుంది. వేగం తగ్గుతుంది, గుంజే బలం పెరుగుతుంది. పెద్ద టైర్లు తినేసిన బలం తిరిగి వస్తుంది.

అన్నకు ఇది నమ్మకంగా అనిపించలేదు. పళ్లు ఎక్కువైతే బండి ఉరకాలి కదా అన్నాడు. సైకిల్ వెనక చక్రానికి ఉండే పళ్ల బిళ్ల పెద్దదైతే తొక్కడం తేలికవుతుంది, కానీ ఎంత తొక్కినా కొంచెమే పోతుంది కదా అని చెప్పాను. బాబాయ్ దుకాణం ముందున్న సైకిల్ దగ్గరికి వెళ్లి పెడలు చేత్తో తిప్పి చూసుకుని వచ్చాడు. సరేనన్నాడు.

కొత్త జత బిగించడంలో కష్టం బిగించడం కాదు. పినియన్ ఎంత లోపలికి ఉండాలి, క్రౌన్ దానికి ఎంత దగ్గరగా జరగాలి అన్నది కుదర్చడం. మరీ దగ్గరైతే వేడెక్కి అరుగుతాయి, దూరమైతే కొట్టుకుని విరుగుతాయి. తేడా సరిచేయడానికి వెనకాల కాగితం లాంటి పలచటి ఇనుప వాషర్లు పెడతాం, వాటిని షిమ్ములంటాం. సరిపోయిందో లేదో తెలియడానికి పళ్లకు రంగు పూసి తిప్పి చూడాలి. గేట్లకు పూసే ఎర్ర సిందూరం పొడిని ఆయిల్లో కలిపి పూశాను. అన్నను చక్రం తిప్పమన్నాను. రంగు చెరిగిన మచ్చ పంటి చివరన పడింది. అంటే పినియన్ ఇంకా లోపలికి పోవాలి. అంతా విప్పి, బేరింగు లాగి, ఇంకో షిమ్ము వేసి, మళ్లీ బిగించి, మళ్లీ పూసి చూశాను. ఈసారి మచ్చ పంటి మొదలుకు దిగింది. మళ్లీ విప్పాను.

అన్న మొదట్లో తొందరపెట్టాడు. తిరుగుతోంది కదా, ఇక చాలన్నాడు. రెండోసారి విప్పినప్పుడు పక్కన కూర్చుని చూశాడు. మూడోసారి నేను అడగక ముందే పానా అందించి, రంగు తనే కలిపాడు. మచ్చ పంటి నడుమ కుదురుగా పడినప్పుడు నాకంటే ముందు తనే చూశాడు.

"నడుమల వడ్డది" అన్నాడు.

పాత రేకు మూత మళ్లీ వేయడం నాకిష్టం లేదు. మందపు ప్లేటుతో కొత్తది చేయమని బాబాయ్‌ని అడిగాను. ఆయన ప్లేటు కోసి, మధ్యలో ఉబ్బుగా రావడానికి ముక్కలు అతికి వెల్డింగు చేసి, బోల్టుల తలలు బండలకు తగలకుండా చుట్టూ ఒక కట్టులాంటిది పెట్టాడు. చూడటానికి బలంగా ఉంది. బిగించి ఆయిలు పోస్తే మర్నాటికి కింద ఒక చుక్క, పక్కన ఇంకో చుక్క. నేల మీద మరక వద్దన్నది ఆయనే కాబట్టి ముందుగా చూసిందీ ఆయనే. మూత ఊడదీసి అద్దం మీద బోర్లించాడు. ఒక పక్క అంచు కింద నుంచి వెలుతురు కనబడింది.

"వెల్డింగు వేడికి అంచు వంకర పోయిందమ్మాయ్. తప్పు నాదే, ముందే చూసుకోవాల్సింది" అని, దాన్ని లేతుకెక్కించి అంచు మొత్తం చదును చేసిచ్చాడు. తర్వాత చుక్క రాలలేదు. ముందు ఇరుసుకు కూడా అలాంటిదే ఒకటి చేసిపెట్టాడు.

అయితే ముందు ఇరుసుకు వేయాల్సిన గేర్ల జత దొరకలేదు. అది హైదరాబాద్ నుంచి రావాలన్నారు. నాలుగు చక్రాలూ గుంజే బండికి ముందూ వెనకా ఒకే లెక్క ఉండి తీరాలి. వెనకది నెమ్మదిగా, ముందుది వేగంగా తిరగాలని చూస్తే మధ్యలో ఉన్న గేర్లు ఒకదాన్నొకటి మెలిపెట్టుకుంటాయి. ఆ జత వచ్చేదాకా బండి ఆగాలని అన్నాను. అన్న మబ్బుల వైపు చూశాడు. నాట్లు మొదలయ్యాయి, తను లేక ఊళ్లో పనులు ఆగుతున్నాయని, వెనక చక్రాలతోనే నడుపుకుంటానని చెప్పాడు. ముందు ఇరుసును తిప్పే షాఫ్టు ఊడదీసి ఇస్తానంటే వద్దన్నాడు. ఎందుకు వద్దన్నాడో నాకు తెలుసు. ఆ వాగులో ఎప్పుడేం అవసరం పడుతుందో ఎవరూ చెప్పలేరు.

ముందు చక్రాలను కలిపే చిన్న రాడ్డును బైండింగ్ వైరుతో సీటు కింది కొక్కేనికి కట్టేశాను.

"గిది ఇప్పద్దు. ఇప్పినవనుకో, ఇసుకల అయితె చక్రాలు జారుతయి కాబట్టి జరసేపు ఆగుతది. గట్టి నేల మీదికి వచ్చినంక మాత్రం ఏదో ఒకటి ఇరుగుతది."

"ఎరుకైంది" అన్నాడు.

అన్న బాబాయ్ షెడ్డు కడిగి, చెమ్మ ఆరేదాకా ఉండి వెళ్లాడు. జీపు ఆ ఏడుపు చప్పుడు లేకుండా పోయింది. అది రోడ్డు మలుపు తిరిగేదాకా విన్నాను. మంచి చప్పుడే.

తర్వాతి రోజుల్లో వాన పట్టింది. ఓపెన్ కాస్ట్‌లో వాన పడితే దారులన్నీ బురదై డంపర్లు ఆగిపోతాయి. ఆగిన బండ్లన్నీ వర్క్‌షాపుకు వస్తాయి. నేను ఆ పనిలో మునిగి ఉన్నప్పుడు అవ్వ ఫోన్ చేసింది. మామూలుగా అవ్వ మొదట పిల్లలను అడుగుతుంది. ఆ రోజు అడగలేదు.

జరిగింది ఇది. నాట్లకు కైకిలికి, అంటే కూలికి పోయిన ఆడవాళ్లు ట్రాక్టరు ట్రాలీలో తిరిగి వస్తున్నారు. వాగు నడుమకు వచ్చాక ట్రాక్టరు ఇంజను ఆగిపోయింది. నీళ్లు ముందు మోకాలి లోతే ఉన్నాయి. పైన ఎక్కడో గట్టి వాన పడ్డట్టుంది, చూస్తుండగానే పెరిగాయి. ఈత రానివాళ్లే ఎక్కువ. ఒడ్డు మీదున్నవాళ్లు అన్నను పిలిచారు. అన్న జీపు వెనక్కి పెట్టి నీళ్ల దాకా దించి, గొలుసు ట్రాక్టరుకు తగిలించాడు. వెనక చక్రాలు తడి ఇసుకలో గుంత తవ్వుకున్నాయి తప్ప బండి కదల్లేదు.

అప్పుడు కటింగు ప్లేయరుతో ఆ వైరు తెంపి రాడ్డు ముందుకు తోశాడు.

జీపు కదిలింది. ట్రాక్టరు కదిలింది. ట్రాలీ ఇసుక తిన్నె మీదికి వచ్చింది, ఆడవాళ్లు దిగారు. అందరూ దిగారని చూసుకున్నాకే అన్న రాడ్డు వెనక్కి లాగబోయాడు. అది రాలేదు. గేర్లు మెలిపడి బిగుసుకుంటే రాడ్డు రాదు. వెనక గొలుసుకు ట్రాక్టరు ఉంది, నీళ్లు తిన్నె అంచు దాకా వస్తున్నాయి, అక్కడ ఆగితే రెండు బండ్లూ పోతాయి. అందుకని అలాగే ఒడ్డు మీది గట్టి మొరం నేల మీదికి ఎక్కించాడు. తుపాకీ పేలినట్టు చప్పుడైందని, చెట్ల మీది కొంగలు లేచిపోయాయని అవ్వ చెప్పింది. ట్రాక్టరు అప్పటికి నీళ్లకు పైనే ఉంది.

మర్నాడు అన్న బస్సులో వచ్చాడు. నేను డ్యూటీ దిగేదాకా మా గుమ్మంలో కూర్చున్నాడు. లోపలికి రమ్మని మా ఆయన ఎంత పిలిచినా రాలేదట. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"నువ్వు జెప్పినవ్. తీగ నేనే తెంపిన" అన్నాడు.

అంతే అన్నాడు. వాగు సంగతి, ఆడవాళ్ల సంగతి చెప్పలేదు. నాకు తెలుసని తనకు తెలియదు. తప్పు ఒప్పుకుంటున్నవాడిలాగా నిలబడ్డాడు. అప్పుడు ఆ వాగు దగ్గర ఎవరున్నా ఆ వైరు తెంపమనే అంటారు.

"మంచి పనే చేసినవన్నా" అన్నాను. "హైదరాబాద్ నుంచి ముందటి జత వచ్చింది. సెలవు పెట్టి నేనే ఊరికస్త."

జీపు కదిలే స్థితిలో లేదు కాబట్టి పని ఊళ్లోనే జరిగింది. ముందూ వెనకా ఇరుసులకు బలం పంచే గేరుపెట్టెలో ఒక గేరు పగిలి, దాని ముక్క పెట్టెకు బీట కొట్టింది. పాత బండ్ల ముక్కలు అమ్మేచోట అలాంటి పెట్టె ఇంకొకటి వెతికి, బస్సు టాపు మీద వేసుకుని పోయాను. పత్తి నిల్వచేసే కొట్టంలో జీపును మొద్దుల మీద నిలబెట్టాం. నేను డ్యూటీకి వేసుకునే ప్యాంటు, చొక్కాతోనే దాని కిందికి దూరాను. ఊళ్లో నన్ను అలా ఎవరూ చూడలేదు. ట్రాలీలో ఉన్న ఆడవాళ్లలో కొందరు వచ్చి కొట్టం గుమ్మంలో కూర్చున్నారు. వాళ్లలో ఒక ముసలమ్మ చాలాసేపు చూసి, ఈ పిల్లకు పెండ్లయిందా అని వదినను అడిగింది. ఇద్దరు పిల్లలున్నారని వదిన చెప్పింది. అయితే ఫికర్ లేదంది ఆవిడ.

వెనక జతప్పుడు లాగే ముందు జతకూ రంగు పూసి చూడాలి. ఈసారి నేను చెప్పాల్సిన పని పడలేదు. రంగు అన్నే కలిపాడు, పూశాడు, చక్రం తిప్పాడు. మచ్చ చివరకు పడితే ఏం చేయాలో, మొదలుకు పడితే ఏం చేయాలో తనకు గుర్తుంది. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక ఇద్దరం జీపు కింద పక్కపక్కన పడుకుని, తను లైటు పట్టుకుంటే నేను గేరుపెట్టె బోల్టులు బిగిస్తున్నాను. అలా పడుకుంటే ఒకరి ముఖం ఒకరికి కనబడదు. అందుకేనేమో అడిగాడు.

"మొదటి సంది గీ పనేనా నీకు? వర్క్‌షాపుల?"

కాదని చెప్పాను. మొదట్లో ఊడ్వమన్నారు, పనిముట్లు తుడిచి గూట్లో పెట్టమన్నారు. ఆఫీసులో కూర్చునే పని ఇప్పిస్తామని యూనియన్ వాళ్లు అన్నారు. నేను పనిముట్లు తుడుస్తూ చూసేదాన్ని. ఒక ఫిట్టరు సెలవు మీద పోయినప్పుడు పట్టుకునే మనిషి లేక నన్ను పిలిచారు. డంపర్ చక్రం లోపలి గేర్లు చూసింది ఆ రోజే. తర్వాత పిలవకపోయినా వెళ్లేదాన్ని. ఒకసారి జాకీ జారి వేలు నలిగింది. ఆ గోరు ఇప్పటికీ సగమే వస్తుంది. ఇదంతా చెబుతుంటే తను లైటు నా చేతి మీదికి తిప్పి ఆ వేలు చూశాడు.

"నువ్వు ఫ్యాను కింద కూసున్నవనుకున్న ఇన్నేండ్లు" అన్నాడు.

నేను నవ్వాను. నేనేమనుకున్నానో కూడా చెప్పాను. భూమంతా చేతిలో ఉన్నవాడు, అడిగేవాడు లేడు, వాన పడితే పండుతుంది లేకపోతే పడుకుంటాడు అనుకున్నాను. తను నవ్వలేదు. బాపు నౌకరి తనకు రాలేదన్న కోపం నా మీద కాదని, అయినా చూపించడానికి నేనే దొరికానని అన్నాడు. లైటు పట్టుకున్న చెయ్యి నొప్పి పుడుతోందేమో, మార్చుకోమన్నాను. మార్చుకున్నాడు. మిగిలిన బోల్టులు కూడా బిగించాం.

వాన తగ్గి వాగు పాయలుగా విడిపోయాక జీపును కిందికి దించాం. తాళం అన్న నా చేతికిచ్చాడు. నేను తీసుకున్నాను. నీళ్ల దగ్గరికి వచ్చాక చిన్న రాడ్డు ముందుకు తోశాను. అది ఆగకుండా, తడబడకుండా కూర్చుంది. మొదటి గేరులో యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసినా బండి తనంతట తనే నీళ్లలోకి నడిచింది. బరువెత్తుకున్న బర్రెలాగా, తొందర లేకుండా, ఆగకుండా. నడుమన ఒక బండ ముందు మూతకు గట్టిగా తగిలింది. అన్న కాళ్లు రెండూ పైకి లాక్కున్నాడు. అవతలి ఒడ్డు మీద దిగి చూస్తే మందపు ప్లేటు మీద తెల్లటి గీత ఒకటి పడింది. ఆయిలు చెమ్మ లేదు. క్లచ్ మాడిన వాసనా లేదు.

"గీ ఒడ్డుకే మాడేది" అన్నాడు అన్న, వెనక్కి తిరిగి ఎక్కివచ్చిన ఎత్తును చూస్తూ.

తిరిగి వచ్చేటప్పుడు తను నడిపాడు. నిదానంగా పోవడం తనకు ఇంకా అలవాటు కాలేదు, ఊరికే కాలు వేసి ఇంజను రేపబోయాడు. అవసరం లేదని తనే తెలుసుకుని కాలు తీశాడు.

ఇది జరిగి ఇప్పటికి కొన్ని వానాకాలాలు గడిచాయి. జీపు నడుస్తూనే ఉంది. రోడ్డు మీద మాత్రం మునుపటి కంటే నెమ్మది, మంథనికి పోతుంటే ఆటోలు దాటిపోతున్నాయని అన్న అంటాడు. చుట్టుపక్కల ఊళ్లలో అలాంటి టైర్లు వేసుకున్నవాళ్లు ఇంకొందరు ఉన్నారు. వాళ్లను బాబాయ్ షెడ్డుకు పంపి, చెల్లె చేస్తదని చెబుతాడు. నన్ను అడక్కుండానే చెబుతాడు. డ్యూటీ చేసి వచ్చాక ఒంట్లో ఓపిక ఉంటే చేస్తాను, లేకపోతే వచ్చే వారం రమ్మంటాను. వచ్చినవాళ్లందరికీ మొదట మూత విప్పి ఆయిలు చూపిస్తాను. చాలామందికి ఆయిలుండదు.

మేమిద్దరం ఫోన్‌లో మాట్లాడుకునేది ఎక్కువగా బండి సంగతే. మొన్న చేసినప్పుడు ముందు వైపు మళ్లీ సన్నటి చప్పుడు వస్తోందన్నాడు. ఎత్తు ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా అని అడిగాను. దిగేటప్పుడన్నాడు. ఫోన్ డాష్‌బోర్డు మీద పెట్టి నడపమన్నాను. చప్పుడు వింటూ పొయ్యి మీది కూర సంగతి మరిచిపోయాను. అది బేరింగు చప్పుడని, ఆదివారం తీసుకురమ్మని చెప్పాను. అవ్వను కూడా ఎక్కించుకుని వస్తానన్నాడు. సీటు గట్టిది, అవ్వ నడుముకు బొంత వేయమన్నాను.

"ఏస్తలే" అని పెట్టేశాడు.